గడ్డిముడి

వానలకి ముందే ఫారెస్టు దొర బంగళాలో దిగుతాడని కబురొచ్చింది. బంగళా కప్పు మీద గడ్డి నల్లబడి కుళ్ళింది. పడమటి పక్క కోతులు పీకేసిన చోట వాసాలు బయటపడ్డాయి. ఫారెస్టు గార్డు వరహాలరావు వరండాలో కూర్చుని పొద్దుటి నుంచి ఆ కప్పు సంగతే ఆలోచిస్తున్నాడు. రోడ్డు పనికి తోలుకొచ్చిన వెట్టివాళ్ళు రాత్రికి రాత్రి కొండెక్కి పోయారు.

బంగళాకి నీళ్ళు మోసే సుక్రు కావడి దించి తొట్టిలో పోశాడు. కుండని చివరి చుక్క దాకా వంచి, మూతి అరచేత్తో తుడిచి, కప్పు వైపు చూసి నవ్వాడు.

"ఏటిరా నవ్వుతున్నావు?" అన్నాడు గార్డు.

"ఏటీ నేదు బాబూ. ఇలాటి కప్పు మా ఊరోలు ఒక్క పూటలో నేసీగలరు."

"ఏ ఊరు?"

"పనసగుడ."

గార్డు కొండ వైపు చూశాడు. అక్కడ ఇప్పుడు ఊరు లేదు. రిజర్వు అడవికి గీత గీసినప్పుడు పనసగుడ గీత లోపల పడింది. ఇళ్ళు విప్పించి జనాన్ని కిందికి దింపింది అతనికి ముందున్న గార్డు.

"మీవోళ్ళు తలో దిక్కూ పోయారు కదరా. ఇప్పుడు పిలిస్తే ఎవడొస్తాడు?"

సుక్రుకి ఆ మాట గుచ్చుకుంది. కావడి బద్ద గోడకి ఆనించి తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ముడి పెడితే వత్తారు బాబూ. బోదగడ్డి పోసలు ముడేసి ఆలింటి సూరులో దోపీడమే. నోటితో పిలవక్కర్నేదు. సూసినోడు సూసినట్టు ఒక మోపు గడ్డి ఎత్తుకొని వొచ్చీయాల. రానన్న మాట మా ఊళ్ళో పుట్టనేదు."

"కూలెంత?"

"కూలేటి బాబూ! గంజి."

"మేస్త్రీ ఎవడు?"

"మేస్త్రీ ఎందుకు? పిలిసినోడు కిందనుంచి మొదటి కట్ట అందిత్తాడు. అప్పుడు పైనోడు సెయ్యి సాపుతాడు. ఆడందియ్యకపోతే రాజొచ్చి సెప్పినా కట్ట కదల్దు."

నీళ్ళ కావడి మోసేవాడు అంతసేపు మాట్లాడటం గార్డు ఎప్పుడూ వినలేదు. సుక్రు ఆపలేదు. ఆడవాళ్ళు గడ్డి దులుపుతుంటే ఊరంతా ఎగిరే దుమ్ము, మంగ్లు ఎత్తుకునే పాట, కప్పు పైకొసన కొప్పు మూసేటప్పుడు అందరూ ఒక్కసారి వేసే కేక, ఆ తరవాత అడ్డాకు దొప్పల్లో పొగలు కక్కే చోడి గంజి. ఒక్కో సంగతికీ అతని చేతులు గాలిలో ఆ పని చేస్తున్నాయి. గడ్డి కట్ట మొదలు నేలకేసి కొట్టి సమం చేస్తున్నాయి. నార బిగిస్తున్నాయి.

"అయితే పిలవకపోయావా? నీ కొంపా కారుతోందన్నావుగా."

"పిలత్తాను బాబూ. మా గుంట నీళ్ళాడే రోజులొచ్చీసినాయి. పచ్చి బాలింత తడికొంపలో ఎలాగుంటది? డుంబ్రిగుడ సంత ఎల్లిన మర్నాడు పిలుపు."

"సంత మర్నాడా," అన్నాడు గార్డు. చుట్ట అంటించుకున్నాడు.

రోడ్డు వారన ఉన్న గుడిసెల వరసలో సుక్రుది చివరిది. అతని కూతురు చిన్నమ్మి గోడకి చేరగిలి, బరువైన పొట్ట మీద చేటంత జాగా చేసుకుని గడ్డిపోచలు ఏరుతోంది. ఆమె మొగుడు భీముడు తేయాకు తోటలకి పోయాడు. తిరిగి వచ్చినవాళ్ళు ఎవరూ అతన్ని చూశామని చెప్పలేదు.

సుక్రు ఒక ముడి వేశాడు. లాగితే ఊడింది. మళ్ళీ వేశాడు.

"ఇలా తే," అంది చిన్నమ్మి. "నీ ముడి సూత్తే ఎవులొత్తారు? గొడ్డు కూడా రాదు."

"మీయమ్మ ముడేత్తే కత్తెట్టి కొయ్యాల."

భార్య పోయాక ఆ ఇంట్లో ఆవిడ మాట వస్తే అక్కడితో ఆగిపోతుంది. చిన్నమ్మి ముడులన్నీ వేసి, అడ్డాకులో చుట్టి ఇచ్చింది.

మొదట మంగ్లు దగ్గరికి వెళ్ళాడు. మంగ్లు ఆ కొండ ఊళ్ళ పెత్తందారు ముఠాదారు గొడ్లసావిట్లో ఉంటున్నాడు. మోకాళ్ళ దాకా పేడలో నిలబడి తట్టకి ఎత్తుతున్నాడు. సుక్రుని చూసి తట్ట వదిలేసి పేడచేతులతోనే వచ్చి కావలించుకోబోయి ఆగాడు.

"బావా! సచ్చిపోనావనుకున్నాను."

"నీ పాట ఇనకండా సావమన్నా సావనేను."

"పాటా! ఈ గొడ్లకి పాడి ఇనిపించాను బావా. ఒక్కదానికీ నచ్చనేదు. మన ఊళ్ళో కుక్కలైనా వంత పాడీవి."

ఇద్దరూ నవ్వారు. సుక్రు ముడి తీశాడు. మంగ్లు నవ్వు ఆపి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ముడి వైపు చూశాడు.

"నాకు సూరేది బావా? ఇది ముఠాదారు సూరు. ఇందులో దోపితే ఆయనే మోపెత్తుకొని వత్తాడు."

ముడి తలపాగాలో దోపుకున్నాడు.

"గడ్డెక్కడిది నీకు?"

"నా పక్క కింద పరుసుకున్నాను. అదే తెత్తాను. వొట్టి నేల మీద తొంగుంటే నడుముకి మంచిదంట." మంగ్లు తట్ట మళ్ళీ ఎత్తుకున్నాడు. "కొప్పు మూసినప్పుడు కేక నాదే. ముందే సెప్తన్నాను."

దేముడమ్మ సంతలో దొరికింది. సంత మొదట్లో, అందరూ తొక్కుకుంటూ పోయే చోట, అడ్డాకు విస్తళ్ళ కట్టలు ముందేసుకుని కూర్చుంది. పక్కన జాగా కోసం ఒకామెని తిడుతోంది. సుక్రుని చూడగానే తిట్టు అతని మీదికి తిప్పింది.

"ఓరి సుక్రూ, బతికున్నావేటి? అప్ప ఉన్నాదో సచ్చిందో సూడ్డానికి కాళ్ళు రానేదు. ఇల్లు కారితే కాళ్ళొచ్చినాయి!"

"కాళ్ళున్నాయి గాని తీరిక నేదప్పా."

"మన ఊళ్ళో తీరికుండీదేటి? అయినా గడపలో కూకునీవోలం." ఆమె ఆకుల కట్ట మీద నీళ్ళు చిలకరించింది. "పనసగుడలో నాను పొయ్యి రాజేసింది నేదురా. ఎవలింట్లో నిప్పుంటే ఆలింటికాడ బొగ్గు తెచ్చుకునీదాన్ని. మా మేనల్లుడి ఊళ్ళో నిప్పడిగితే అగ్గిపెట్టి కొనుక్కోమన్నారు. నిప్పు కొనుక్కోడమేటిరా? నీల్లు కొనుక్కోమంటారు రేపు."

ముడి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అది మామూలు బోదగడ్డి. కొండ మీదిది కాదు, రోడ్డు వారది. ఆమె ఆ మాట అనలేదు.

"ఏడాదికి ఒక్క పిలుపే, తెలుసు కదా," అంది. "పనిసేసినోడు ముడి తెచ్చి గడపలో పెట్టీసినాడంటే ఆడి పిలుపు తీరిపోనాదన్నమాట. మళ్ళీ వానల్లో కారిందంటే నన్ననకు."

"నాకు తెలవదేటప్పా."

"తెలుసునే. సెప్పుకోడం బాగుంటది, అందుకని సెప్తన్నాను."

మిగిలినవాళ్ళకి సంతలోనే ముడులు చేరాయి. ఎవరూ కాదనలేదు. ఒకడు ముడి కళ్ళకద్దుకున్నాడు. సుక్రు ఉప్పు కొనడం మర్చిపోయి తిరిగొచ్చాడు.

సోంబరు ఒక్కడే మిగిలాడు. అతని దగ్గరికి వెళ్ళాలా వద్దా అని సుక్రు గెడ్డ దాటే దాకా అనుకుంటూనే ఉన్నాడు. సోంబరు పనసగుడకి నాయుడు, ఊరిపెద్ద. గట్టు మీది పనసచెట్టు తగువులో అతను సుక్రు దాయాది వైపు తీర్పు చెప్పాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సుక్రు భార్య పోయినప్పుడు సోంబరు వచ్చి దూరంగా నిలబడ్డాడు. సుక్రు చూసి మొహం తిప్పుకున్నాడు. కానీ ఊరి పిలుపులో ఒక ఇల్లు వదిలేస్తే అది పిలుపు కాదు.

గెడ్డ ఒడ్డున, రాతికి ఆనించిన తాటాకుల పంచ కింద సోంబరు కూర్చుని అడ్డనార చీలుస్తున్నాడు. కళ్ళ మీద తెల్లగా పొర కమ్మింది. సుక్రు మాట్లాడకుండా చూరులో ముడి దోపాడు. ఆకు కదిలిన చప్పుడికి ముసలివాడు తలెత్తాడు.

"ముడి ఎవుల్ది?"

"నాదే."

సోంబరు చేతులు ఆగలేదు. నార ఒకటి పూర్తిగా చీల్చి పక్కన పెట్టాడు.

"ఆ చెట్టు కాయలు ఇప్పుడెవులు తింటన్నారు?"

"కోతులు."

"మంచిదే. ఆటికి నాయుడు అక్కర్నేదు."

సుక్రుకి నవ్వు రాలేదు. "నీకు కళ్ళు కనబడవు. రాకపోయినా తప్పు నేదు," అన్నాడు.

"నార నానబెట్టడానికి కళ్ళెందుకురా?" అన్నాడు సోంబరు.

పిలుపు రోజు తెల్లవారకుండానే సుక్రు కప్పు ఎక్కాడు. జనం వచ్చేసరికి పాత గడ్డి దించి, వాసాలు బయటపెట్టి ఉంచడం పిలిచినవాడి పని. పాతగడ్డి చేతుల్లో పొడి అయిపోయింది. నల్లటి దుమ్ము, పురుగులు, ఎలకల గూటి పీచు కింద పడ్డాయి. పొద్దెక్కేసరికి గుడిసె ఎముకల గూడులా నిలబడింది. కుళ్ళిన గడ్డిని రోడ్డు అవతల కుప్పేసి అంటించాడు.

చిన్నమ్మి ఇరుగుపొరుగు గుడిసెల్లో అడిగి తెచ్చిన కుండతో గంజి పెట్టింది. ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో తెడ్డు తిప్పుతోంది. కప్పు లేని ఇంట్లో ఎండ పొయ్యి మీద పడింది. మంట కనబడటం లేదు.

"అయ్యా, మబ్బు పడతంది."

"మద్యాన్నానికి సగం ఎక్కిత్తాం. మబ్బుని రానీ."

అతను రోడ్డు మీదికి వెళ్ళి చూశాడు. వచ్చాడు. అడ్డనార నీళ్ళలో వేశాడు. మళ్ళీ తీశాడు, సోంబరు పని కదా అని. మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళాడు. గంజి చిక్కబడితే చిన్నమ్మి నీళ్ళు పోసింది.

నీడ గోడ కిందికి వచ్చినప్పుడు ఊరి బారికి వచ్చాడు. కబుర్లు మోయడం అతని పని. ఎవరి కబురైనా ఒకే మొహంతో చెబుతాడు.

"గార్డుబాబు నిన్ను బేగి రమ్మన్నాడు. మీవోలు బంగళాకాడ ఉన్నారు."

బంగళా ముందు పనసగుడ నిలబడి ఉంది. మంగ్లు, దేముడమ్మ, సంతలో ముడి కళ్ళకద్దుకున్నవాడు, అందరూ. వాళ్ళ ముందు గడ్డిమోపులు వరసగా పడి ఉన్నాయి. కొన్ని పెద్దవి, కొన్ని చంకలో పట్టేంత. ఒకటి నలిగి చదునుగా ఉంది. అది మంగ్లు పక్క. నిచ్చెన కప్పుకి వేసే ఉంది. పాతగడ్డి దించేసి ఉంది. ఎవరూ కదలడం లేదు.

"పొద్దుట్నుంచి ఇలాగే నిలబడ్డార్రా," అన్నాడు వరహాలరావు. అతని గొంతులో కోపం లేదు. అలిసిపోయినట్టున్నాడు. "రోడ్డు మలుపులో పట్టుకున్నాను. ఇది రిజర్వు గడ్డి. ఒక్కడి దగ్గరా చీటీ లేదు. ఇందరి మీదా దొంగతనం రాసి కింద ఠాణాకి పంపొచ్చు. ఎందుకని, ఈ కప్పు నేసి ఇళ్ళకి పొమ్మన్నాను. నేస్తాం గాని పిలిచినవాడు మొదటి కట్ట అందివ్వాలంటారు. నువ్వూ అదే చెప్పావుగా ఆరోజు."

తలలన్నీ సుక్రు వైపు తిరిగాయి.

దేముడమ్మ ఒక్కతే అతన్ని కింది నుంచి పైకి చూసింది. "నువ్వు సెప్పావేటి?" అంది.

"ఊరికే సెప్పాను అప్పా. మన ఊరి గురించి..."

"ఊరి గురించి." ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. "అందియ్యకు. అందిత్తే నీ పిలుపు తీరిపోద్ది. మేం ఇలాగే నిలబడతాం."

"నిలబడండి," అన్నాడు గార్డు. "చీకటి పడేలోగా కప్పు లేవకపోతే పొద్దున్నే బొర్రా దారిన అందర్నీ దింపిస్తాను. ఈ ముసల్దాన్ని కూడా."

సుక్రు కొండ మీద మబ్బు చూశాడు. తన గుడిసె ఇక్కడికి కనబడుతోంది. వాసాల మధ్య నుంచి పొగ నేరుగా పైకి పోతోంది. కింద ఎర్రకోక కదులుతోంది. చిన్నమ్మి.

"అందించీ బావా," అన్నాడు మంగ్లు మెల్లగా. "పొద్దు పోతంది. అప్ప నడవనేదు అంతదూరం."

సోంబరు వరండా మెట్టు కింద విడిగా కూర్చున్నాడు. ముందు నీళ్ళబాన ఉంది. నార కట్ట ఒళ్ళో ఉంది. చేతులు దాని మీద పెట్టుకుని, ఎటూ కాని చోటికి మొహం పెట్టుకున్నాడు.

సుక్రు వంగి, దగ్గరున్న మోపు విప్పి ఒక కట్ట తీశాడు. మొదలు నేలకేసి కొట్టి సమం చేశాడు. రెండు చేతులా పైకెత్తాడు. మంగ్లు నిచ్చెనెక్కి చెయ్యి చాపాడు.

తరవాత పని ఎప్పుడూ జరిగినట్టే జరిగింది. ఆడవాళ్ళు బారు తీరి గడ్డి దులిపారు. దుమ్ము లేచింది. చూరు నుంచి వరస వరసగా పైకి పరుచుకుపోయారు. పైవాడు వెదురుసూది గుచ్చితే కింది నుంచి ఒకడు నార అందుకుని తిరిగి గుచ్చుతున్నాడు. ఎవరి చెయ్యి ఎక్కడికి రావాలో ఆ చేతికి తెలుసు. నార నానబెట్టడానికి మాత్రం దేముడమ్మ వంగాల్సి వచ్చింది. సోంబరు కదల్లేదు.

"నాయుడూ, నార ఇలా తే," అని ఒకడు కేకేశాడు.

"కళ్ళు కనబడవు," అన్నాడు సోంబరు.

సుక్రుకి మండింది. పనసచెట్టు కోతుల పాలయినా ముసలాడి కడుపులో అలాగే ఉంది. ఇంత జరిగిన రోజున కూడా తన పిలుపుకి చెయ్యి తడపడు. సుక్రు అతని వైపు చూడటం మానేశాడు.

సగం కప్పు లేచాక మంగ్లు పాట అందుకున్నాడు. ఆడవాళ్ళు వంత కలిపారు. సుక్రు కట్టలు అందిస్తున్నాడు. అందిస్తూ అందిస్తూ అతనూ గొంతు కలిపాడు. ఎదురుగా ఉన్నది ఎవరి కప్పో కాసేపు అతనికి గుర్తు లేదు. కొప్పు మూశారు. మంగ్లు కేక వేశాడు. అందరూ వేశారు. సుక్రు కూడా వేశాడు. ఆ కేక కొండకి తగిలి తిరిగొచ్చినప్పుడు గుర్తొచ్చింది.

మొదటి చినుకులు కొత్తగడ్డి మీద పడి లోపలికి ఇంకకుండా జారిపోయాయి.

"మంచి పని," అన్నాడు వరహాలరావు. నిజంగానే అన్నాడు.

సుక్రు ముందు నడిచాడు. వెనక వాళ్ళు. దారి అతని గుడిసె ముందు నుంచే. వాన పెద్దది కాలేదు గాని ఆగడం లేదు.

చిన్నమ్మి కప్పు లేని ఇంట్లో పొయ్యి మీద ఆకులగిడుగు గొడుగులా పట్టుకుని నిలబడి ఉంది. గంజికుండ మీద ఇంకో గిడుగు మూసింది. తను తడుస్తోంది. అందర్నీ చూడగానే మొహం విప్పారింది.

"పాట ఇనబడింది. దారిలో ఉన్నారనుకున్నాను. ఎంతసేపటికీ రారేటని... రండి, రండత్తా, గంజి ఇంకా ఏడిగానే ఉంది."

దేముడమ్మ గడప దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. కొంగు ముడి విప్పి గడ్డిముడి తీసి గడప మీద పెట్టింది. పనిచేసినవాళ్ళు ముడి ఇచ్చెయ్యాలి. కానీ తాము నేయని ఇంట గంజి తాగకూడదు. ఈ రెండూ ఒకే రోజున ఒకే గడప దగ్గర ఎదురుపడటం ఆమె ఎన్నడూ చూడలేదు. కాసేపు నిలబడి, చిన్నమ్మి పొట్ట వైపు చూసి, తిరిగి రోడ్డెక్కింది.

మంగ్లు తలపాగా విప్పి ముడి తీశాడు. ఏదో నవ్వుమాట అనబోయాడు. అది రాలేదు. పెట్టేసి పోయాడు. ఒకరి తరవాత ఒకరు వంగి, పెట్టి, పోయారు. చివర సోంబరు కర్ర తాటించుకుంటూ గడప ముందుకి వచ్చాడు. ఆగాడు. వంగలేదు. కర్ర ముందుకి వేసి చీకట్లోకి వెళ్ళిపోయాడు.

చిన్నమ్మి చేతిలో దొప్ప అలాగే ఉంది.

"అయ్యా, ఏటైంది?"

"అందరూ వొచ్చినారు," అన్నాడు సుక్రు. "నేసినారు."

ఆమె తలెత్తి వాసాల వైపు చూసింది. బంగళా వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. గడప మీద తడుస్తున్న ముడులు ఏరి ఒళ్ళో వేసుకుంది. ముడులు తనే వేసింది కాబట్టి ఒక్కోటీ తిప్పి చూసింది.

"సోంబరు పెద్దయ్యది నేదు."

"ఆడు పని సెయ్యనేదు. సెయ్యి తడపనేదు. నార ముట్టుకోనేదు. ఎలాగిత్తాడు..."

సుక్రు అక్కడ ఆగిపోయాడు. తిరిగివ్వని ముడి తీరని పిలుపు.

రోడ్డు మీద కర్ర చప్పుడు ఇంకా వినబడుతోంది. పిలిస్తే వినేంత దూరం. సుక్రు నోరు తెరిచాడు. ఏమని పిలవాలో తెలియలేదు. ఆ పేరు పిలిచి ఏళ్ళయింది. చప్పుడు మలుపు తిరిగింది. ఒక ముసలివాడు. కళ్ళు కనబడవు. నిచ్చెనెక్కలేడు. వాడి పంచ మీద ఉన్నవి నాలుగు తాటాకులు. ఒక్కడూ వచ్చి ఏం నేస్తాడు?

వచ్చిన ముడులు పొయ్యిలో వెయ్యాలి. అతను కూతురి ఒళ్ళోంచి తీసి వేశాడు. తడిసినవి అంటుకోలేదు. పొగ చిమ్మాయి. ఆ పొగకి అడ్డం ఏమీ లేదు, నేరుగా వానలోకి పోయింది. చిన్నమ్మి నడుం పట్టుకుని గోడవారకి జరిగింది. ఆమె పెదవి కొరుక్కోవడం అతను చూశాడు.

"నొప్పేటి?"

"ఇంకా నేదు. ఇది అది కాదు."

అతను గిడుగు తీసి ఆమె మీద పట్టాడు. పొయ్యి మీద చినుకులు పడి చుయ్యిమన్నాయి. కుండలో గంజి ఊరంతటికీ కాచినది. పొద్దుటికి పులిసిపోతుంది.

"ఓ ముంత తీసి మూతెట్టు," అన్నాడు సుక్రు. "సోంబరుది."